జర్మనీ గడియారం జరిగిన ఉదయం, అల్ ఖోర్‌లో ఫ్లెమింగోల కోసం

ఈ ప్రయాణం ఒక సీటు కోసం మొదలైంది. నవంబరులో నేను జర్మనీలో ఉన్న ఒక టీచర్ దగ్గర ప్రకృతి ఫోటోగ్రఫీ ఆన్‌లైన్ కోర్సులో చేరాను. ఆదివారం ఆదివారం క్లాసు, వాళ్ళకు ఉదయం ఎనిమిది, మాకు దోహాలో పది. మార్చి ఆఖరి ఆదివారం చివరి క్లాసు. ఆ రోజు ప్రతి విద్యార్థీ అదే ఉదయం తీసిన మూడు ఫోటోలు చూపించి వాటి గురించి మాట్లాడాలి. బాగా చేసిన ఇద్దరికి అక్కడి చిత్తడి నేలల్లో జరిగే వేసవి శిబిరంలో ఉచితంగా సీటు. మా అబ్బూ, అంటే నాన్న, కూడా తన తరఫున ఒక షరతు పెట్టాడు. ఆయన లుసైల్‌లో ఒక పెద్ద భవనానికి మెయింటెనెన్స్ సూపర్‌వైజర్. మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళి రాత్రి ఇల్లు చేరి, మళ్ళీ నాలుగింటికి లేచి నన్ను కారులో పక్షుల దగ్గరికి తీసుకెళ్తాడు. ఇంట్లో మేం మాట్లాడేది దక్కనీ ఉర్దూయే అయినా, కోపమొచ్చినా నవ్వొచ్చినా అబ్బూ నేరుగా బోధన్ తెలుగులోకి దిగుతాడు. ఆ షరతు కూడా తెలుగులోనే చెప్పాడు. "సల్మా, సీటొస్తే నేనే విమానం ఎక్కిస్త. రాకుంటే ఈ తెల్లారగట్ల తిరుగుడు బంద్. అకౌంట్స్ చదువుతున్నవ్ గదా, అదే చదువుకో. నాకు గూడ ఇంత నిద్ర గావాలె." ఆయన అడిగినదాంట్లో అన్యాయం ఏమీ లేదు. అందుకే నాకు వారం రోజులు నిద్ర సరిగా పట్టలేదు.

మా ఇంట్లో ఏ దేశపు సమయమైనా ముందు ఇండియాకు వెళ్ళి, అక్కడి నుంచి మా దగ్గరికి వస్తుంది. గల్ఫ్‌లో ఉన్న చాలా ఇళ్ళల్లో ఇదే పద్ధతి అనుకుంటాను. క్లాసు ఎప్పుడని అమ్మీ అడిగితే "పది" అనను, "మన టైమ్ పన్నెండున్నర" అంటాను. మన టైమ్ అంటే ఇండియా టైమ్. దీనికి ఇంకో కారణం నానీ. అమ్మీ వాళ్ళమ్మ, బోధన్‌లో ఉంటుంది. నాకు అలారం ఆమే. ఇక్కడ తెల్లవారుజాము నాలుగైతే అక్కడ ఆరున్నర, అప్పటికే ఆమె నమాజు, చాయ్ రెండూ అయిపోయి ఉంటాయి. ఫోన్ చేసి నేను మాట్లాడేదాకా పెట్టెయ్యదు. క్లాసుకు అరగంట ముందు కూడా గుర్తుచేస్తుంది. ఇండియాలో గడియారం మారదు, ఖతర్‌లోనూ మారదు. మారని రెండు గడియారాల మధ్య పెరిగినదాన్ని కాబట్టి పన్నెండున్నర అనే అంకె నాకు గోడకు కొట్టిన మేకులా అనిపించేది. శనివారం రాత్రి పడుకునే ముందు జాగ్రత్త కోసం ఫోన్‌లో చూశాను. జర్మనీ మాకన్నా సరిగ్గా రెండు గంటలు వెనక ఉంది. అంతా సరిగానే ఉందనుకుని పడుకున్నాను.

నాలుగింటికి నానీ ఫోన్ వచ్చింది. "లేసినవా బిడ్డా? దుబాయ్‌ల పొద్దు పొడిసిందా?" అంది. ఇది దుబాయ్ కాదని ఆమెకు చెప్పడం మా ఇంట్లో అందరూ ఎప్పుడో మానేశారు. "ఇంకా లేదు నానీ. పొద్దు పొడిస్తే నా పని అయిపోయినట్టే" అన్నాను. "ఐతే ఉర్కు మరి! నాతోటి ముచ్చటేంది?" అని పెట్టేసింది. నమాజు కాగానే, నాలుగూ ఇరవైకి కారెక్కాం. మేం ఉండేది దోహాలో నజ్మా వైపు. కార్నిష్ అనే తీరపు రోడ్డు మీదుగా లుసైల్ దాటి సముద్రం పక్క రోడ్డు పట్టుకుంటే ఆ వేళలో అల్ ఖోర్‌కు ముప్పావు గంట. టోల్ ఏమీ లేదు, కెమెరాలు మాత్రం అడుగడుగునా ఉన్నాయి. రానూపోనూ పెట్రోలు పాతిక ముప్పై రియాళ్ళలో సరిపోతుంది. దోహా నుంచి అల్ ఖోర్‌కు బస్సు ఉంది, చాలా చవక కూడా. కానీ అది తెల్లవారేలోపు చేర్చదు, ఊళ్ళోంచి నీళ్ళ దాకా మళ్ళీ టాక్సీ కావాలి. సొంత కారు లేనివాళ్ళు నలుగురు కలిసి కారు మాట్లాడుకోవడం మేలు.

అల్ ఖోర్ ఊళ్ళో చిక్కటి కరక్ చాయ్ అమ్మే ఒక దుకాణం ఉంది. అక్కడ కారు దిగనక్కర్లేదు, ఒకసారి హారన్ కొడితే మనిషే వస్తాడు. చాయ్ రెండు రియాళ్ళు, గుడ్డు పరాఠా ఐదు. ఆ దుకాణంలో పనిచేసే మలయాళీ అన్న చలికాలమంతా మమ్మల్ని చూస్తూనే ఉన్నాడు. "ఆజ్ భీ చిడియా?" అన్నాడు, ఈ రోజు కూడా పిట్టలేనా అని. నేను ఆకాశం వైపే చూస్తూ, అబ్బూ కన్నా ముందు "జల్దీ, జల్దీ" అన్నాను. అతను నవ్వి, "చిడియా మాఫీ. గర్మీ ఆగయా. చాయ్ పీలో" అన్నాడు. పిట్టలు లేవు, ఎండలొచ్చేశాయి, చాయ్ తాగు అని. అబ్బూకు ఆ మాట తెగ నచ్చింది. "సూశినవా? చాయ్ దుక్నం ఆయనకు గూడ ఎర్కైంది. నీకే ఎర్కైతలేదు." నేను చాయ్‌తో నాలుక కాల్చుకున్నాను. ఫ్లెమింగోలు చలికాలం కోసం ఇక్కడికి వచ్చి ఎండలు ముదిరే ముందు వెళ్ళిపోతాయి. వాటిలో ఇంకా ఎన్ని మిగిలాయో, అసలు మిగిలాయో లేదో నాకు తెలియదు.

మేం వెళ్ళేది ఊరి చివర పర్పుల్ ఐలండ్ అని పిలిచే చిన్న దీవికి. కారు దాదాపు నీళ్ళ దాకా వెళ్తుంది. అక్కడి నుంచి మడ అడవుల మీదుగా చెక్క వంతెన. ప్రవేశానికి డబ్బులేమీ తీసుకోరు. నీళ్ళలో తిరగాలనుకుంటే కయాక్ అనే సన్నటి తెడ్డు పడవలు నడిపేవాళ్ళున్నారు, మనిషికి నూట యాభై రియాళ్ళ పైనే అవుతుంది. మడచెట్ల చుట్టూ నేలలోంచి వేళ్ళు పెన్సిళ్ళలా నిటారుగా పొడుచుకొచ్చి ఉంటాయి. మేం చేరేసరికి సముద్రం పోటు మీద ఉంది, వేళ్ళన్నీ నీళ్ళలో మునిగిపోయాయి. నీరు పైకి రావడం పోటు, దిగిపోవడం ఆటు. జీవితంలోని ఆటుపోట్ల గురించి స్కూల్లో వ్యాసాలు రాసేటప్పుడు వాటి వెనక ఇంత ఉప్పునీరు ఉందని నాకు తెలియదు. ఈ మధ్యే నిఘంటువు తిరగేస్తుంటే ఆ అర్థం దొరికింది. వేకువ, తొలిసంజ, మునిమాపు, ఇలా వెలుగుకు మనకున్న పేర్లన్నీ నా ఫోన్‌లో దాచుకుంటున్నాను. ఆ ఉదయం మాత్రం వాటిలో ఏదీ నెమ్మదిగా అనుకునే తీరిక లేదు.

ఐదున్నరకు సూర్యుడు వచ్చాడు. ఫ్లెమింగోలు ఉన్నాయి, కానీ అవతలి ఒడ్డున, చాలా దూరంలో. ఓ ఇరవై ముప్పై ఉండొచ్చు. బంగారు నీటి మీద నల్లటి కాళ్ళు, వంగిన మెడలు. గబగబా తీశాను. తీసినవి వెనక్కి జరిపి చూసుకుంటే, చలికాలమంతా నేను తీసిన ఫోటోలే మళ్ళీ కనిపించాయి. టీచర్ వాటి గురించి ఫిబ్రవరిలో ఒక మాట అంది. "పక్షులు అందంగా ఉన్నాయి. కానీ ఫోటో తీసిన మనిషి అప్పటికే బస్సెక్కేసినట్టుంది." ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది, నిజం కాబట్టి. పదింటి క్లాసు కోసం నేను ప్రతి ఆదివారం ఏడున్నర, ఎనిమిదికల్లా తిరుగుముఖం పట్టేదాన్ని. ఈసారీ అదే లెక్క. ఎనిమిదింటి లోపల పక్షులు దగ్గరికి రావాలి, తొమ్మిదికి ఇల్లు చేరాలి, గంటలో ఫోటోలు ఎంచి సరిదిద్దాలి. వంతెన ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగాను. కూర్చున్నాను, లేచాను. లెన్సు తుడిచాను, మళ్ళీ తుడిచాను. నీరు దిగుతోంది, కానీ దానికి తొందరేమీ లేదు. అబ్బూ ఎప్పటిలాగే కారు సీటు వెనక్కి వాల్చి, మొహం మీద రుమాలు కప్పుకుని నిద్రపోతున్నాడు. నవంబరు నుంచి ఇక్కడికి తిప్పుతున్నాడు గానీ ఒక్క ఫ్లెమింగోనూ ఆయన చూసి ఎరగడు.

ఏడూ నలభైకి క్లాసు గ్రూపులో టీచర్ సందేశం వచ్చింది. "ఇంకో గంటా ఇరవై నిమిషాల్లో అందరం కలుద్దాం." నాకు అర్థం కాలేదు. నా లెక్కలో ఇంకా రెండు గంటల ఇరవై నిమిషాలున్నాయి. ఫోన్‌లో గడియారం తెరిస్తే, రాత్రి రెండు గంటలు వెనకున్న జర్మనీ ఇప్పుడు ఒక్క గంటే వెనకుంది. అప్పుడు వెతికి చూస్తే తెలిసింది. యూరప్‌లో మార్చి ఆఖరి ఆదివారం గడియారాలను గంట ముందుకు జరుపుతారట. మా లెక్కలో అది తెల్లవారుజాము నాలుగింటికి జరిగింది. నేను నానీతో దుబాయ్ పొద్దు గురించి మాట్లాడుతున్న ఆ నిమిషాల్లోనే.

పరుగెత్తి వెళ్ళి కారు అద్దం కొట్టాను. అబ్బూ ఉలిక్కిపడి లేచాడు. "ఏమైంది? కుక్కలు ఎంటవడ్డయా?"

"కుక్కల్లేవు అబ్బూ. క్లాస్ పదింటికి కాదు, తొమ్మిదికే. జర్మనీల గడియారం గంట ముందుకు జరిపిన్రు."

"జరిపిన్రా? ఎవలు?"

"వాళ్ళే. దేశం మొత్తం."

"గడియారం జరుపుడేంది? అదేమన్న మంచమా?" అద్దం పూర్తిగా దించాడు. "పన్నెండున్నర అని మీ నానీకి గూడ చెప్పినం గదా. ఇండియా టైమ్ మారదు గదా!"

"ఇండియా మారలేదు. మనం మారలేదు. వాళ్ళు మారిన్రు."

ఆయన "అంటే మనకు చెప్పకుంటనే మారిన్రు" అన్నాడు, బంధువుల మీద అలిగినట్టు. తర్వాత కారు స్టార్ట్ చేశాడు. "ఎక్కు. యల్లా, నడువు. యాభై నిమిషాలల్ల ఇంట్ల ఉంటం. ఆదివారం డ్యూటీ ట్రాఫిక్ ఉంటది, కానీ ఓర్చుకుంటం."

తలుపు మీద చెయ్యేసి నిలబడ్డాను. వెళ్తే ఇంట్లో మంచి ఇంటర్నెట్, లాప్‌టాప్, శుభ్రమైన గోడ ఉంటాయి. చూపించడానికి మాత్రం చలికాలమంతా చూపించిన ఆ ఫోటోలే ఉంటాయి. ఉంటే పక్షులు రావచ్చు, రాకపోవచ్చు. నా ఫోన్‌లో చార్జింగ్ కూడా అడుగంటింది. నీళ్ళ వైపు చూశాను. మడచెట్ల వేళ్ళు ఒక వేలెడంత బయటపడ్డాయి. "అబ్బూ, ఈడ్నే ఉందాం. నీ ఫోన్ల క్లాస్ పెట్టుకుంట" అన్నాను. ఆయన నా మొహం చూసి ఇంజన్ ఆపేశాడు. "సీటు పోతే నన్ను అనొద్దు."

ఎనిమిది దాటింది. ఎండ తెల్లబడింది. ఫోటోగ్రఫీ పాఠాల్లో ఈ వెలుగును పనికిరానిదంటారు. రంగులు చచ్చిపోతాయి, నీడలు మొద్దుగా పడతాయి. ఆ వేళకు నేను ఎప్పుడూ కెమెరా సంచిలో పెట్టేసి ఉండేదాన్ని. నీరు మాత్రం అప్పుడే నిజంగా కదిలింది. వంతెన కింద సన్నటి పాయలుగా చీలి, చప్పుడు చేస్తూ వెళ్ళిపోయింది. బురద మెరుస్తూ బయటపడింది. దాని వెంటే ఫ్లెమింగోలు నడుచుకుంటూ వచ్చాయి. ఎగరలేదు, తొందరపడలేదు. ఒక్కోటి ఒక్కోచోట ఆగి, తల బురదలో పెట్టి, కాళ్ళతో తొక్కుతూ తన చుట్టూ తానే తిరిగింది. అది తిరిగి వెళ్ళిపోయినచోట బురదలో పళ్ళెమంత గుండ్రటి గుర్తు మిగిలింది. అలాంటివి పదులకొద్దీ ఉన్నాయి. ఏటవాలు బంగారు వెలుగులో బురదంతా మెరిసిపోయి అవి కనిపించేవి కావు. నడినెత్తికి ఎక్కుతున్న ఆ పాడు ఎండలో అంచులు గీసినట్టు కనిపించాయి. ఇంకా గులాబీ రంగు రాని ఒక బూడిదరంగు పిల్ల ఉంది. అది పెద్దవాటిని చూసి తిరగబోయి, తన గుండ్రం పూర్తిచెయ్యకుండానే పక్కకు జరిగిపోతోంది. నేను మోకాళ్ళ మీద కూర్చుని తీశాను. తొమ్మిదవడానికి ఇంకా ఎంతుందో చూసుకోలేదు. తర్వాత ఆలోచిస్తే, ఆ ఉదయమంతటిలో గడియారం చూడనిది ఆ కాసేపే.

అబ్బూ కేకేశాడు. "సల్మా! పిలుస్తున్నరు!"

కారు పక్కన సిగ్నల్ బాగా వస్తుంది. సమస్య ఎండ. ఫోటోలు కెమెరా తెర మీదే చూపించాలి, ఎండలో ఆ తెర అద్దంలా మెరుస్తుంది, ఏమీ కనిపించదు. అబ్బూ చుట్టూ చూసి, కారు ముందద్దానికి ఎండ తగలకుండా పెట్టే వెండిరంగు అట్టను లాగాడు. గల్ఫ్‌లో అది లేని కారు ఉండదు. దాన్ని విప్పి మా ఇద్దరి తలల మీద గొడుగులా పట్టాడు. ఒక చేత్తో అట్ట, ఇంకో చేత్తో ఫోన్. నేను కెమెరా తెరను ఫోన్ ముందు పట్టుకున్నాను. అట్ట కింద ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి. నా వంతు రాగానే టీచర్ మొదట అడిగింది ఫోటోల గురించి కాదు. "మీరు ఏదైనా గుడారంలో ఉన్నారా?" అంది.

మొదటి రెండూ ఉదయపు బంగారు ఫోటోలు. ఆమె తలూపింది, అంతే. మూడోదానికి కూడా నేను ఇంకో సూర్యోదయమే ఎంచుకున్నాను. చెడ్డ వెలుగులో తీసింది చూపించడానికి ధైర్యం చాలలేదు. తెర మీద ఫోటోలు జరుపుతుంటే పక్కనుంచి అబ్బూ గొణిగాడు. "గది గాదే. గా బుడ్డదాన్ని సూపియ్యి. తిరుగుడు రాక తక్లీఫ్ పడుతున్నది సూడు, గది."

"మీ పక్కన ఎవరు? ఏమంటున్నారు?" అని టీచర్ అడిగింది. చెప్పేలోపు తెర నల్లబడింది. ఫోన్ మోగుతోంది. నానీ! ఆమె లెక్కలో క్లాసుకు ఇంకా అరగంట ఉంది, గుర్తుచెయ్యడానికి చేసింది. "కట్ చెయ్యి అబ్బూ, కట్ చెయ్యి!" అన్నాను. అబ్బూ నన్ను భయంగా చూశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అత్తగారి ఫోన్ ఒక్కసారి కూడా కట్ చెయ్యలేదు. అలవాటుగా వేలు పచ్చగుర్తు మీదే పడింది. "జీ అమ్మీజాన్... నై, క్లాస్ చల్రీ... నై నై, అబ్బీచ్ చల్రీ... ఉనో లోగాం ఘడీ బదల్ దియే, మేరేకు క్యా మాలూమ్..." క్లాసు ఇప్పుడే నడుస్తోంది, వాళ్ళు గడియారం మార్చేస్తే నాకేం తెలుసు అని అల్లుడు అత్తకు సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. నాకు ఏడుపొచ్చింది, దాని వెంటే నవ్వూ వచ్చింది.

మళ్ళీ కలిసేసరికి నా సమయం దాదాపు అయిపోయింది. ఎంచుకోవడానికి తీరిక లేదు. అబ్బూ చెప్పిన ఫోటోనే పెట్టాను. తెల్లటి ఎండ, బురద, సగంలో ఆగిన గుండ్రం, పక్కకు జరుగుతున్న బూడిదరంగు పిల్ల. "ఇందాక మా నాన్న దీన్ని చూపించమన్నారు. దానికి తిరగడం ఇంకా రాదట" అన్నాను. టీచర్ తెర దగ్గరికి వంగి చూసింది. "ఎన్నింటికి తీశావు?" అంది. "ఇప్పుడే. మామూలుగా అయితే ఈపాటికి నేను వెళ్ళిపోయి ఉండేదాన్ని" అన్నాను. ఆమె ఇంకేదో అనబోయి సమయం చూసుకుని, తర్వాతి విద్యార్థిని పిలిచింది. అబ్బూ అట్ట దించి చేతులు దులుపుకున్నాడు. కారెక్కలేదు. వంతెన దాకా వెళ్ళి, రెయిలింగ్ మీద మోచేతులు ఆనించి, చాలాసేపు ఆ పక్షుల్ని చూస్తూ నిలబడ్డాడు.

గురువారం మెయిల్ వచ్చింది. రెండు సీట్లూ వేరేవాళ్ళకు వెళ్ళాయి. నాకు టీచర్ విడిగా రెండు వాక్యాలు రాసింది. "సూర్యోదయాలు ఇక చాలు. ఆ మూడో ఫోటో దగ్గర మొదలుపెట్టు." డ్యూటీకి బయల్దేరే ముందు అన్నం తింటున్న అబ్బూకు చెప్పాను.

"సీటు రాలే, అంతేనా?"

"రాలేదు."

"మాటంటే మాట. ఇగ తెల్లారగట్ల తిరుగుడు బంద్." పప్పు కలుపుకున్నాడు. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని తిన్నాక, అమ్మీకి చెప్తున్నట్టు అన్నాడు. "ఎనిమిదింటికి పోదం. పిట్టలు దగ్గరికొచ్చేది గప్పుడే. నాలుగింటికి లేసి ఆడ పండుకునుడెందుకు, ఇంట్లనే పండుకుంట."

"రోజూ ఎనిమిదికి రావు అబ్బూ. నీళ్ళు దిగే టైమ్ రోజుకు ముప్పావు గంట చొప్పున లేటవుకుంట జరుగుతది."

"అది గూడ జరుగుతదా!" అని నిట్టూర్చాడు. "సరే, నీళ్ళను అడిగి ఎన్నింటికో నాకు చెప్పు. ఇండియా టైమ్ల చెప్పకు."

ఇప్పటికీ నాలుగింటికి నాకు మెలకువ వస్తుంది. ఎవరూ ఫోన్ చెయ్యరు, వెళ్ళాల్సిన చోటూ ఉండదు. పడుకుని కిటికీ నల్లగా ఉండటం, తర్వాత నీలంగా మారడం చూస్తాను. వేకువ అన్న మాట మీద ప్రేమతో నేను ఇన్నాళ్ళూ దాని వెనక పరుగెత్తాను. అది పోయినందుకు దిగులు లేదంటే అబద్ధం. కాళ్ళు దుప్పటి కింద కదులుతూనే ఉంటాయి. అయితే ఎనిమిదింటి ఎండకు నా నిఘంటువులో ఇంకా పేరు దొరకలేదు. పొద్దెక్కిన వేళ అంటే సరిపోదు, ఎర్రటి ఎండ అంటే అబద్ధం. ఆ తెల్లటి, కళ్ళు చికిలించుకునే వెలుగుకు ఒక మాట కావాలి. ఆ మాట దొరికేదాకా బురదలో మోకాళ్ళ మీద కూర్చోవాలని ఉంది.

మీరు కూడా ఇక్కడి నుంచి యూరప్ వాళ్ళతో పాఠమో, ఇంటర్వ్యూనో పెట్టుకుని ఆ ఉదయమే పక్షులకు వెళ్ళాలనుకుంటే ఒక్కటి గుర్తుంచుకోండి. మార్చి, అక్టోబరు నెలల ఆఖరి ఆదివారాల్లో ముందురాత్రి చూసుకున్న తేడాను నమ్మకండి. తెల్లవారుజాము నాలుగు దాటాక మరోసారి చూసుకోండి. పక్షులవాళ్ళు ఆ వేళకు ఎలాగూ లేచే ఉంటారు.